అతిథితో వెళ్ళిన మనిషి

మస్తూరా మామగారు ఖాలిక్‌దాద్‌కి చెవులు సరిగా వినపడవు. అంతర్యుద్ధం రోజుల్లో ఆయన నడిపే లారీ పక్కనే రాకెట్ పడింది. ప్రాణం మిగిలింది, వినికిడి పోయింది. అందుకని ఆ రోజు కాబూల్‌లో వాళ్ళింటికి భోజనానికి వచ్చిన విదేశీ కుర్రాడి పేరు యోనాస్ అని ఆయన చెవిలో అరిచి చెప్పాల్సి వచ్చింది. అర్థమయ్యాక మాత్రం ముసలాయన మొహం చేటంత అయింది.

"యోనాసేమిటి, మన యూనుసే గదా. ప్రవక్త పేరు. కూర్చో నాయనా, ఇలా కూర్చో," అని తన పక్కనే పరుపు మీద చోటిచ్చాడు.

యోనాస్‌కి పాతికేళ్ళుంటాయి. ఉత్తర ఐరోపాలో ఏదో చిన్న దేశం. ఎండకి కమిలిన ముక్కు, బజారులో కొత్తగా కొన్న గోధుమరంగు శాలువా. గుమ్మంలో బూట్లు విప్పి, కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని సలాం చెప్పేసరికి మస్తూరాకి కుర్రాడు నచ్చాడు. ఆమె ఇప్పుడు మూతపడ్డ ఆడపిల్లల హైస్కూల్లో భూగోళం చెప్పిన టీచరు, ఇంగ్లీషు వచ్చు. భర్త ఫరైదూన్ ఒక సహాయ సంస్థలో పనిచేసేవాడు. సర్కారు మారాక ఆ సంస్థ తాళం వేసుకుని వెళ్ళిపోయింది. తర్వాత కొంతకాలానికి ఇలాంటి కుర్రాళ్ళు రావడం మొదలైంది. ఎవరూ వెళ్ళొద్దన్న చోటికే వెళ్ళాలని వీళ్ళకి సరదా. వీళ్ళకి తోడుగా ఇంగ్లీషు వచ్చినవాడు, తుపాకీ పట్టుకున్నవాడితో తగువు పడకుండా మాట్లాడగలిగినవాడు, దారి పొడుగునా నవ్వించగలిగినవాడు ఒకడు కావాలి. ఫరైదూన్ సరిగ్గా అలాంటి మనిషి.

మస్తూరా మంటు చేసింది, మాంసం కూరిన కుడుముల్లాంటివి. ఆవిరి మీద ఉడికిన మంటు పళ్ళెం నిండా పేర్చి, పైన వెల్లుల్లి పెరుగు పోసి మధ్యలో పెట్టింది. యోనాస్ తింటూనే ఫోను తీసి, తాను చేసిన వీడియో ఒకటి చూపించాడు. మొదట్లోనే పెద్ద పెద్ద అక్షరాలు: ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన దేశంలో, ఒంటరిగా.

"ఒంటరిగానా? మరి మా ఆయనెక్కడ?" అంది మస్తూరా.

"కెమెరా వెనకాల," అన్నాడు ఫరైదూన్. "నా మొహం కనిపిస్తే ప్రమాదం పలచబడిపోతుందిట."

"ఈ పళ్ళెం దగ్గర కూడా ప్రమాదమేమైనా కనిపిస్తోందా బాబూ?"

"కనిపిస్తోందండీ. మీరు మళ్ళీ వడ్డించబోతున్నారు," అన్నాడు యోనాస్.

అందరూ నవ్వారు. మాట వినపడకపోయినా ఖాలిక్‌దాద్ కూడా నవ్వాడు. ఏడేళ్ళ హొస్నా అతిథి కళ్ళు నీలంగా ఎందుకున్నాయా అని గుడ్లప్పగించి చూస్తూ కూర్చుంది.

టీ తాగేటప్పుడు యోనాస్ అసలు సంగతి చెప్పాడు. వాళ్ళ నాన్న కూడా ఈ దేశం వచ్చాడు. సైనికుడిగా. జర్‌ఖేల్ లోయలో విదేశీ సైన్యం కట్టుకున్న శిబిరంలో కొన్నాళ్ళున్నాడు. తిరిగెళ్ళాక ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు. ఇప్పుడు పొద్దస్తమానం గారేజీలో కూర్చుని పడవ బొమ్మలు చెక్కుకుంటాడు. ఆ శిబిరం ఎలా ఉందో చూసి, వీడియో తీసి, తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాలని యోనాస్ కోరిక.

"అప్పుడైనా ఏమన్నా మాట్లాడతాడేమోనని," అన్నాడు.

ఆ మాటతో మస్తూరాకి అతని మీద జాలి కలిగింది. ఫరైదూన్‌కి కూడా కలిగిందని అతను గడ్డం గోక్కోవడం చూస్తే తెలిసింది. సంగతేమిటని ముసలాయన అడిగితే ఆమె చెవిలో చెప్పింది.

"వద్దురా," అన్నాడు ఖాలిక్‌దాద్ కొడుకుతో. "ఆ లోయలో నేను లారీ తోలినవాణ్ణి. మంచివాళ్ళే. కానీ దెబ్బలు తిన్న మనుషులు. దెబ్బ తగిలిన గుర్రం వెనక నిలబడకూడదు."

"అనుమతి కాగితం తీసుకునే వెళ్తాం బాబా. ముందు పెద్దమనిషి దగ్గర టీ తాగి, ఆయన సరేనంటేనే దిగుతాం."

యోనాస్ సంచిలో అరచేతి వెడల్పున, మడత రెక్కలతో ఎగిరే కెమెరా ఉంది. అది చూసి ఫరైదూన్ మొహంలో నవ్వు పోయింది. "ఇది మాత్రం ఆ లోయలో బయటికి తియ్యొద్దు తమ్ముడూ. వాళ్ళకి ఈ చప్పుడు వేరే. విదేశీ సైన్యం ఇలాంటిదే పెద్దది ఎగరేసేది, తుమ్మెద అనేవాళ్ళు దాన్ని. రాత్రీ పగలూ నెత్తిమీద ఝుంకారం చేస్తూ తిరిగేది. ఒకరోజు చప్పుడు ఆగి, పెళ్ళివాళ్ళ ట్రాక్టరు మీద బాంబు పడింది."

"తియ్యను," అన్నాడు యోనాస్. "ఒట్టు."

వాళ్ళు వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం డ్రైవరు సబూర్ ఒక్కడే తిరిగొచ్చాడు. కారు గుమ్మం ముందు ఆగగానే మస్తూరా బయటికి వచ్చి వెనక సీటు చూసింది. ఖాళీ. సబూర్ దిగలేదు. స్టీరింగు పట్టుకునే కూర్చున్నాడు.

"వదినా, ముందు నాకు కాసిని మంచినీళ్ళియ్యి," అన్నాడు.

నీళ్ళు తాగాక చెప్పాడు. లోయ చేరాక ఫరైదూన్ అన్న మాట ప్రకారమే ఊరి పెద్ద హాజీ మీరాజాన్ ఇంటికి టీకి వెళ్ళాడు. కుర్రాణ్ణి కారులోనే ఉండమన్నాడు. కుర్రాడు ఉన్నాడు, కాసేపు. తర్వాత కాళ్ళు చాపుకుంటానని దిగి, శిబిరం గోడల వైపు నడిచాడు. ఇనుప వల బుట్టల్లో రాళ్ళూ మట్టీ కూరి కట్టిన గోడలు; సగం కూలిపోయి ఉన్నాయి. వాటి వెనకనుంచి ఉన్నట్టుండి ఝుమ్మని చప్పుడు లేచింది.

"వదినా, నేనెప్పుడూ చూడలేదు అలాంటిది. ఆప్రికాట్లు కోసుకుంటున్నారు జనం. బుట్టలెక్కడివక్కడ పారేసి పరుగులు. ముసలివాళ్ళు కాలవలో దూకి పడుకున్నారు. నిండు చూలాలు ఒకావిడ తోట గోడమీంచి దూకేసింది. అరుపుల్లేవు వదినా. ఒక్కరూ అరవలేదు. చప్పుడు చేస్తే పైదానికి తెలిసిపోతుందన్నట్టు."

"మరి ఫరైదూన్?"

"పరుగెత్తుకొచ్చి ఆ పిల్లాడి చేతిలోది లాక్కున్నాడు. ఈలోగా చెక్‌పోస్టు వాళ్ళొచ్చారు. నన్ను పొమ్మన్నారు. అన్నని కూడా పొమ్మనే అన్నారు మొదట, విదేశీయుణ్ణి ఒక్కణ్ణే తీసుకెళ్తామని. అన్న ఒప్పుకోలేదు. నా అతిథి, నేనే తెచ్చాను, భాష రానివాణ్ణి ఒక్కణ్ణీ ఎలా పంపుతానని వాళ్ళ బండి తనే ఎక్కాడు."

మస్తూరాకి ఒక్క క్షణం భర్త మీద పట్టరాని కోపం వచ్చింది. తర్వాత ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, సబూర్ తాగిన గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఆ మర్నాటినుంచి కోడలూ మామా విచారణ ఆఫీసు గేటు దగ్గరికి తిరగడం మొదలుపెట్టారు. ఆడది ఒంటరిగా రాకూడదు. తోడొచ్చిన మగాడికేమో చెవుడు. గేటులో కూర్చున్న గుమాస్తా పరాయి ఆడదానితో మాట్లాడడు, ఆమెకేసి చూడను కూడా చూడడు. కాబట్టి మస్తూరా మామగారి చెవిలో అరవాలి. ఆయన అది గుమాస్తాకి చెప్పాలి.

"మా ఆయన ఎక్కడున్నాడో చెప్పమనండి బాబా."

"ఏమిటీ?"

"ఎక్కడున్నాడో చెప్పమనండి."

రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా తిరిగి చూశారు. గుమాస్తా మాత్రం వినపడనట్టు గోడ గడియారం చూస్తూ, ముసలాయన అదే మాట మళ్ళీ అనేదాకా ఆగాడు. తర్వాత, "విచారణలో ఉన్నాడు" అని మెల్లగా అన్నాడు. అది ముసలాయనకి వినపడలేదు.

"ఏమన్నాడు తల్లీ?"

"విచారణలో ఉన్నాడన్నాడు బాబా."

"ఎన్నాళ్ళుంటాడో అడగనా?"

"అడగండి."

"అది నాకు తెలియదు," అన్నాడు గుమాస్తా గడియారంతో. వెచ్చటి బట్టలు మూటకట్టి తెస్తే తీసుకున్నాడు. అవి లోపలికి చేరాయో లేదో చెప్పే మనిషి లేడు.

ఇంట్లో ఫోను మాత్రం రోజుకో కబురు మోసుకొచ్చేది, అంతా యోనాస్ గురించే. వాళ్ళ దేశం టీవీలో వాళ్ళమ్మ ఏడ్చింది. వాళ్ళ మంత్రి మాట్లాడాడు. గల్ఫ్ దేశమొకటి మధ్యవర్తిగా దిగింది. మొన్నటిదాకా ఒకళ్ళనొకళ్ళు కాల్చుకున్న రెండు వైపులవాళ్ళూ పాత స్నేహితుల్లా ఒకే బల్ల దగ్గర కూర్చుని నవ్వుతున్న ఫొటో కూడా వచ్చింది. ఆ వార్తల్లో ఎక్కడైనా ఫరైదూన్ పేరుందేమోనని మస్తూరా చివరి అక్షరందాకా చదివేది. ఒకచోట మాత్రం 'స్థానిక సహాయకుడు' అని ఉంది.

చలి మొదలయ్యే రోజుల్లో యోనాస్‌ని వదిలారు. ఫోనులో వచ్చిన వీడియోలో విమానం మెట్లు దిగుతున్నాడు. గడ్డం పెరిగింది, ఆ గోధుమరంగు శాలువా అలాగే ఉంది. తల్లి పరుగెత్తుకొచ్చి వాటేసుకుంది. వెనక, కాస్త దూరంలో, చేతులు ఎటు పెట్టుకోవాలో తెలియనట్టు ఒక బక్క మనిషి నిలబడ్డాడు. తండ్రి అయ్యుండాలి.

హొస్నా ఫోను లాక్కుని ఆ బొమ్మని వేళ్ళతో పెద్దది చేసి, విమానం తలుపులోంచి దిగుతున్న ఒక్కొక్కళ్ళ మొహమూ చూసింది. ఫోను తల్లి ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు గేటు దగ్గర మస్తూరా ఆగలేకపోయింది. మామగారి చెవి వదిలేసి గుమాస్తాకే చెప్పింది. "ఎగరేసినవాణ్ణి పంపించేశారు కదా. ఆపినవాణ్ణి ఎందుకు ఉంచుకున్నారు?"

గుమాస్తా కోప్పడలేదు. అలవాటుగా గడియారం వైపు చూసి, గడ్డం నిమురుకుంటూ అన్నాడు. "ఆ కుర్రాణ్ణి అడగడానికి మనుషులున్నారు అక్కా."

"ఈయన్ని అడగడానికి మేమున్నాం కదా."

"మీరు పరాయివాళ్ళు కాదుగా. మన ఇంటి సంగతి మనమే చూసుకుంటాం."

ముసలాయన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "ఏమంటాడు?" అని అడిగాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఇంటివైపు నడిపించింది.

లోయవాళ్ళు క్షమిస్తే కేసు తేలికవుతుందని ఎవరో చెప్పారు. ఖాలిక్‌దాద్‌కి ఆ మాట పట్టుకుంది. "క్షమాపణకి వెళ్ళాలి తల్లీ. గొర్రెని తీసుకుని, ఆడమనిషిని వెంటబెట్టుకుని గుమ్మంలోకి వెళ్తే ఏ పష్తూనూ కాదనడు," అన్నాడు. సబూర్ కారు తీశాడు. లోయ మొదట్లో సంతలో గొర్రెని కొని, కాళ్ళు కట్టి వెనక పెట్టెలో పడుకోబెట్టారు. దారంతా అది అరుస్తూనే ఉంది.

హాజీ మీరాజాన్ ఇంటి ముందు ఖాలిక్‌దాద్ తలపాగా విప్పి నేలమీద పెట్టాడు. నున్నటి బట్టతలతో, వంగిన వీపుతో ఆయన అలా నిలబడితే మస్తూరా చూడలేక తల తిప్పుకుంది. హాజీ గబగబా వచ్చి తలపాగా తీసి, దుమ్ము దులిపి, తన చేతులతో ముసలాయన తలకి చుట్టాడు. "ఇంత పని చెయ్యాలా అన్నా," అని లోపలికి తీసుకెళ్ళాడు.

మస్తూరాని ఆడవాళ్ళ వైపు పంపారు. అక్కడ తోర్‌పేకై అనే పెద్దావిడ తందూరు పక్కన కూర్చుని ఉంది. గోడ మీంచి దూకిన చూలాలు ఆవిడ కోడలే. ఆ పిల్ల ఓ మూల బాదంకాయలు కొడుతోంది. పొట్ట పల్చగా ఉంది. ఊయల ఎక్కడా లేదు.

మస్తూరా తందూరుకి ఇవతల కూర్చుంది. వచ్చీరాని పష్తో భాషలో, "మా ఇంటివాడి వల్ల మీ ఇంటికి..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

"నీ మొగుడి మీద నాకేం కోపం లేదమ్మా," అంది తోర్‌పేకై. "నేను వాణ్ణి చూడనే లేదు. ఎగరేసినవాణ్ణి చూశాను. పాపం, ఇంతున్నాడు. వాడిక్కూడా తెలిసినట్టు లేదు తనేం చేశాడో."

"మరైతే వదిలెయ్యమని మీరు ఒక్క మాట చెప్తే..."

"చెప్పలేదనుకున్నావా? మా హాజీ రెండుసార్లు వెళ్ళొచ్చాడు. మేం ఫిర్యాదే ఇవ్వలేదు తల్లీ. చప్పుడు వినపడింది, పరిగెత్తాం, అంతే. రాసుకున్నవాళ్ళు వాళ్ళే." ఆవిడ రొట్టె తీసి మస్తూరా ముందు పెట్టింది. "మా ఆయన ఆ ట్రాక్టరు తోలుతున్నాడు, పెళ్ళిరోజున. నా పెద్దకొడుకు పక్కన కూర్చున్నాడు. పెళ్ళివాళ్ళం బాబూ, తుపాకీలు లేవు అని ఎంతమందికి చెప్పాం. అప్పుడు వినేవాళ్ళు ఇనుప టోపీల విదేశీవాళ్ళు. ఇప్పుడు తలపాగాల వాళ్ళు. చెప్పేవాళ్ళం మాత్రం మేమే. తిను."

మస్తూరా రొట్టె తుంచింది. మూలనుంచి కోడలు, తలెత్తకుండానే, మొదటిసారి నోరు విప్పింది.

"అక్కా, ఆ చిన్నదాంట్లో ఫొటోలు పడతాయిట కదా."

"అవును."

"నేను పరిగెత్తడం కూడా పడిందా?"

"తెలియదమ్మా," అంది మస్తూరా.

ఆ పిల్ల మళ్ళీ రాయి ఎత్తి బాదంకాయ కొట్టింది.

వాళ్ళు గొర్రెని కోసి, వండి, అతిథులకే పెట్టారు. వచ్చేవారం తానే స్వయంగా కాబూల్ వచ్చి ఆఫీసర్‌తో మాట్లాడతానని హాజీ మీరాజాన్ మాటిచ్చాడు. తిరుగుదారిలో ఖాలిక్‌దాద్ హుషారుగా ఉన్నాడు. పాతరోజుల్లో ఆ మలుపుల్లో లారీ ఎలా తిప్పేవాడో చేతులూపి చూపించాడు. సబూర్ కూడా, "అన్న వచ్చాక మీ ఇంట్లో మంటు నాకే ముందు వదినా," అన్నాడు. మస్తూరాకి కూడా చాలా రోజుల తర్వాత ఆకలేసినట్టనిపించింది.

ఆ వారం మధ్యలోనే యోనాస్ వీడియో వచ్చింది.

పక్కింటావిడ ఫోను పట్టుకుని వచ్చి, "ఇందులో మీ ఆయన ఉన్నాడు చూడు" అంది. మస్తూరా కూర్చుని చూసింది. చెరలో గడిపిన రోజుల గురించి యోనాస్ చెబుతున్నాడు. తనని బతికించింది ఫరైదూన్ అన్నాడు. నా అన్న అన్నాడు. ప్రపంచంలో ఇంత ధైర్యంగా నవ్వే మనిషిని చూడలేదన్నాడు. ఆ నవ్వు ఎలాంటిదో మీరే చూడండి అంటూ, లోయకి వెళ్ళకముందు ఏదో ఊళ్ళో తీసి ఇంటర్నెట్‌లో దాచుకున్న ముక్క ఒకటి చూపించాడు.

అందులో ఫరైదూన్ చాయ్ దుకాణం ముందు నిలబడి చెక్‌పోస్టు కాపలావాణ్ణి అనుకరిస్తున్నాడు. అనుమతి కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని, కనుబొమలు ముడిచి, పెదాలు కదుపుతూ కడదాకా చదివినట్టు నటించి, గంభీరంగా తలూపాడు. తర్వాత కెమెరా వైపు కన్నుగీటి ఇంగ్లీషులో అన్నాడు: "కాగితం తలకిందులుగా పట్టుకున్నా పరవాలేదు తమ్ముడూ. దేశాన్ని కూడా అలాగే పట్టుకున్నారు, ఎవడైనా అడిగాడా?"

యోనాస్ పగలబడి నవ్వడం వినిపించింది. వీడియో కింద లక్షల మంది చూసినట్టుంది. ఎవరో ఆ ముక్కని మాత్రం కోసి, దరీ, పష్తో భాషల్లోకి మార్చి మళ్ళీ పెట్టారు.

మస్తూరా వీడియో ఆపేసింది. ఆ జోకు ఆమెకి తెలుసు. ఇంట్లో, తలుపులేసుకుని, ఎన్నిసార్లు చేసి చూపించాడో. హొస్నా ఆ కాగితం పట్టుకోవడం చూసి నేలమీద పడి దొర్లేది.

వెంటనే యోనాస్‌కి మెసేజి పెట్టింది. అతను వెంటనే ఫోను చేశాడు. ఆమె గొంతు వినగానే ఏడ్చాడు.

"అక్కా, నాకు తోచలేదు. నిజంగా తోచలేదు. అందరూ అతన్ని ప్రేమించాలనే పెట్టాను. వేల మంది రాశారు, అతన్ని విడిపించాలని. ఇప్పుడే తీసేస్తున్నాను, మీరు లైన్లోనే ఉండండి. తీసేశాను. చూడండి."

"నువ్వు తీసేశావు. మిగతావాళ్ళు పెట్టినవి?"

"వాళ్ళకి కూడా రాస్తాను. కానీ..."

"మీ మంత్రిగారిని అడగొచ్చు కదా. నిన్ను అడిగి తీసుకున్నట్టే, ఆ పక్కన ఉన్నవాణ్ణి కూడా ఇమ్మని."

"అడిగాను అక్కా. విమానంలో కూడా అడిగాను. అతను మన పౌరుడు కాడు అన్నారు. మనం మాట్లాడితే అతనికే చేటు అన్నారు." తర్వాత, "సంతకాలు సేకరించమంటారా? ఒక్కరోజులో లక్ష వస్తాయి," అన్నాడు.

"వద్దు నాయనా," అంది మస్తూరా. "ఇంకేమీ చెయ్యకు. నీకు పుణ్యముంటుంది."

అతన్ని తిట్టాలని ఫోను తీసింది. తిట్టలేకపోయింది. మీ నాన్న ఏమన్నా మాట్లాడాడా అని అడిగింది. లేదన్నాడు. వీడియో చూస్తూ చూస్తూ మధ్యలో లేచి గారేజీలోకి వెళ్ళిపోయాడన్నాడు.

హాజీ మీరాజాన్ మాట తప్పలేదు. చెప్పిన రోజుకే పెట్టెడు ఎండు ఆప్రికాట్లతో దిగాడు. ఊరి పెద్ద రావడంతో ఈసారి గేటు దాటనిచ్చారు. లోపల ఆఫీసర్ పడుచువాడు, మర్యాదస్తుడు. లేచి నిలబడి హాజీ చేతులు కళ్ళకద్దుకున్నాడు, ముసలాయనకి కుర్చీ తానే జరిపాడు, గ్రీన్ టీ తెప్పించాడు. మస్తూరా గోడవారగా నిలబడింది.

హాజీ నిదానంగా, ఒక్కొక్క మాటా తూచి చెప్పాడు. లోయకి ఫిర్యాదు లేదు. పోయిన బిడ్డ దేవుడి బిడ్డ. ఈ పెద్దాయన గుమ్మంలోకి వచ్చాడు, మేం క్షమించాం.

"మీ మాట నా తలమీద, హాజీ సాహెబ్," అన్నాడు ఆఫీసర్. "ఆ కేసు ఇవాళే మూసేస్తాను. అది మూసేసినట్టే." ఆగి, సొరుగులోంచి ఫోను తీశాడు. "కానీ ఇప్పుడు ఇదొకటి ఉంది."

బల్లమీద ఫోను నిలబెట్టి వీడియో పెట్టాడు. హాజీ చూశాడు. ఇంగ్లీషు రాకపోయినా కింద పష్తో అక్షరాలున్నాయి. చదివి కళ్ళు దించుకున్నాడు. ఖాలిక్‌దాద్ ముందుకు వంగి, ముక్కు ఫోనుకి ఆనేంత దగ్గరగా పెట్టాడు. ఆయనకి మాట వినపడలేదు. అక్షరాలు ఆనలేదు. కొడుకు నవ్వుతున్న మొహం కనిపించింది.

"ఫరైదూన్," అన్నాడు. ఇన్నాళ్ళకి కోడలి వైపు వెలిగిపోతున్న మొహంతో తిరిగి, గది అదిరేలా అన్నాడు. "చూశావా తల్లీ, నవ్వుతున్నాడు. ఒళ్ళు కూడా చేశాడు. బాగానే చూసుకుంటున్నారు వీళ్ళు." తర్వాత ఆఫీసర్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "నువ్వు వెయ్యేళ్ళు బతకాలి నాయనా" అని దీవించాడు.

ఆఫీసర్ చెయ్యి విడిపించుకోలేదు. ఎటు చూడాలో తెలియక టీ కప్పు వైపు చూశాడు. "ఆయనకి చెప్పండి," అన్నాడు చివరికి. అది ఎవరికి చెప్పాడో, హాజీకో, గోడవార ఉన్న ఆడమనిషికో. "ఇది నా చేతిలో లేదని చెప్పండి. నేనొక్కణ్ణే చూస్తే నవ్వి ఊరుకునేవాణ్ణేమో. పైవాళ్ళు చూశారు. లోకమంతా చూసింది."

బయటికి వచ్చాక హాజీ మీరాజాన్ ఆప్రికాట్ల పెట్టె మస్తూరా చేతిలో పెట్టాడు. "మేం చెయ్యగలిగింది ఇంతే చెల్లీ," అని, బస్సు వేళైందని వెళ్ళిపోయాడు. వీడియో పాతదని మామగారికి చెప్పడానికి ఆమెకి ఆ సాయంత్రమంతా నోరు రాలేదు. ఆయన వీధిలో కనిపించిన ప్రతివాడికీ కొడుకు నవ్వాడని చెప్పుకున్నాడు. చెప్పుకోనిచ్చింది.

ఫరైదూన్‌కి రెండేళ్ళ శిక్ష వేశారు. ఎవరి ముందు, ఎప్పుడు వేశారో తెలియదు. సబూర్‌కి తెలిసిన వార్డరు ఒకడు ఆ కబురు చేరవేశాడు. శిక్ష పడ్డవాణ్ణి పెద్ద జైలుకి మార్చారు కాబట్టి చూడనిస్తారని కూడా అతనే చెప్పాడు. మంచు పడుతున్న రోజున ఇద్దరూ వెళ్ళారు. హొస్నాని పక్కింట్లో వదిలారు.

రెండు వరసల ఇనుప వల. మధ్యలో మనిషి నడిచేంత సందు, ఆ సందులో కాపలావాడు. అవతల ఫరైదూన్ నిలబడ్డాడు. ఒళ్ళు సగమైంది. ముందు పన్నొకటి లేదు. అయినా ఆమెని చూడగానే మొట్టమొదట జోకే వేశాడు. "ఇంత ప్రమాదకరమైన చోటికి ఒంటరిగా రాకూడదమ్మా."

ఆమె నవ్వబోయి వల పట్టుకుంది. హొస్నా గురించి చెప్పింది. బాబా గురించి చెప్పింది. పక్కన నిలబడ్డ ముసలాయన ఏమీ వినపడక, వలలోంచి వేళ్ళు దూర్చి కొడుకు వైపు ఊపుతూ ఉన్నాడు.

"యోనాస్ ఇల్లు చేరాడా?" అని అడిగాడు ఫరైదూన్.

"చేరాడు."

"పోన్లే. పాపం, లోపల రోజూ ఏడ్చేవాడు. కథలు చెప్పి నేనే నవ్వించేవాణ్ణి. తీసుకెళ్ళిపోతుంటే నా చేతులు వదల్లేదు తెలుసా. బయటపడగానే నీ గురించి లోకమంతటికీ చెప్తానన్నాడు." గొంతు తగ్గించాడు. "చెప్పాడా?"

మస్తూరా అతని మొహం చూసింది. తనని ఇంకా ఎందుకు ఉంచారో అతనికి ఎవరూ చెప్పలేదని ఆ మొహంలో తెలుస్తోంది.

"చెప్పాడు," అంది.

"నాకు తెలుసు, మంచి కుర్రాడు. అంతమందికి తెలిశాక ఇంక వీళ్ళు ఎంతోకాలం ఉంచుకోలేరులే." తల వల దగ్గరికి తెచ్చాడు. "రెండేళ్ళంటారు గానీ, చూడు, వసంతానికి వచ్చేస్తాను."

ఆమె తలూపింది.

"ఏమంటున్నాడు తల్లీ?" అన్నాడు ఖాలిక్‌దాద్.

"వసంతానికి వస్తాట్ట బాబా," అని ఆయన చెవిలో అరిచింది. సందులో కాపలావాడు ఆ మాట విని అటు తిరిగి నిలబడ్డాడు.

టైమైపోయిందన్నారు. ఉన్ని మేజోళ్ళు తెమ్మని వెళ్తూ వెళ్తూ ఫరైదూన్ అరిచాడు, కాళ్ళు గడ్డకడుతున్నాయని. బయట బస్సు కోసం నిలబడ్డప్పుడు ముసలాయన భుజాల మీద మంచు దులుపుతూ, అసలు సంగతి ఫరైదూన్‌కి వచ్చేసారి చెప్పాలి అనుకుంది మస్తూరా. వచ్చేసారి మేజోళ్ళు తీసుకెళ్ళింది. అప్పుడూ చెప్పలేదు.